ఓర్లాండో పార్కుల నడుమ ఒక్క రోజు సముద్రానికి: పిల్లలతో, పెద్దవాళ్లతో ఏ బీచ్ మేలు?

ఓర్లాండోలో సముద్రం లేదు. మ్యాపులో ఫ్లోరిడా చుట్టూ మూడు వైపులా నీళ్లే కనిపిస్తాయి కాబట్టి హోటల్ నుంచి పది నిమిషాల్లో ఇసుకలో కాలు పెట్టొచ్చని చాలామంది అనుకుంటారు. ఊరు ఉన్నది ద్వీపకల్పం నడి మధ్యలో. తూర్పున అట్లాంటిక్‌కి గంటంపావు, పడమట గల్ఫ్ (మెక్సికో సింధుశాఖ) తీరానికి రెండు గంటలు. డిస్నీ, యూనివర్సల్ పార్కుల మధ్య ఒక రోజు మిగుల్చుకుని సముద్రం చూపిద్దామనుకునే కుటుంబం అసలు తేల్చుకోవాల్సింది ఏ తీరమని. బీచ్ పేరు ఆ తర్వాత.

ఫొటోల్లో తెల్లటి ఇసుక, పచ్చటి నీళ్లు చూసి గల్ఫ్ తీరంలోని క్లియర్‌వాటర్ వైపు మొగ్గుతారు చాలామంది. అది మంచి బీచే. కానీ ఒక్క రోజులో వెళ్లి రావాలంటే నాలుగు గంటలు కారులోనే పోతాయి. మూడేళ్ల పిల్లకీ డెబ్బై ఏళ్ల తాతయ్యకీ ఆ నాలుగు గంటలు ఎంత భారమో ముందు లెక్కేసుకోవాలి. మీ గుంపులో అందరికంటే త్వరగా అలిసిపోయేదెవరో చూసి బీచ్ ఎంచుకోండి. మిగతావాళ్లు ఎలాగూ సర్దుకుంటారు.

## ముందు చూడాల్సినవి

అల. మిగతా అన్నిటికంటే ఇదే ముఖ్యం. ఈ ప్రాంతంలో ఎక్కువ రోజులు గాలి తూర్పు నుంచి వీస్తుంది. అట్లాంటిక్ తీరానికి అది ఎదురుగాలి, అందుకే అక్కడ అల లేస్తుంది. గల్ఫ్ తీరానికి అదే గాలి నేల మీదుగా వస్తుంది. పైగా అక్కడ సముద్రం చాలా దూరం వరకు లోతు తక్కువ. అందుకే మామూలు రోజున గల్ఫ్ చెరువులా ఉంటుంది. కానీ దీన్ని శాశ్వత సూత్రంగా పట్టుకోకండి. చలికాలంలో ఉత్తరం నుంచి చల్లగాలి దిగిన ఒకటి రెండు రోజులు గాలి వాయవ్యానికి తిరుగుతుంది. అప్పుడు క్లియర్‌వాటర్‌లో ఎర్రజెండా ఎగురుతుంటే తూర్పు తీరంలోని కోకో బీచ్ నిశ్చలంగా ఉంటుంది. గాలి ఎటు నుంచి వస్తోందో అటు తీరంలో అల ఎక్కువగా ఉంటుందని గుర్తుంచుకుంటే చాలు. దీనికి ఒక మినహాయింపు ఉంది. ఆగస్టు నుంచి అక్టోబరు వరకు అట్లాంటిక్‌లో ఎక్కడో దూరాన తుపాను తిరుగుతుంటే, ఇక్కడ ఆకు కదలకపోయినా తూర్పు తీరానికి పెద్ద అలలు వస్తాయి.

ఇసుక. దీన్ని చాలామంది అందం కోసమే చూస్తారు, నడక కోసం చూడరు. అట్లాంటిక్ వైపున్న డేటోనా, న్యూ స్మిర్నాల్లో నీటి దగ్గరి ఇసుక కారు వెళ్లేంత గట్టిగా ఉంటుంది. స్ట్రోలర్ సాఫీగా దొర్లుతుంది. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ సిమెంటు రోడ్డు మీద నడిచినట్టు నడవగలదు. గల్ఫ్ వైపు ఇసుక పిండిలా మెత్తగా ఉంటుంది. పిల్లలకు అది స్వర్గం, చక్రాల కుర్చీకి మాత్రం నరకం. నీళ్లు నెమ్మదిగా ఉన్నచోట నడక కష్టం, నడక తేలికైన చోట అల ఎక్కువ. ఈ రెంటిలో మీకు ఏది ముఖ్యమో తేలితే సగం నిర్ణయం అయినట్టే.

నెల. క్రిస్మస్ సెలవుల్లో వెళ్తే రెండు తీరాల్లోనూ నీళ్లు సుమారు 17 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ ఉంటాయి. జనవరిలోనూ దాదాపు 25 డిగ్రీలుండే విశాఖ నీళ్లకు అలవాటైన ఒంటికి అది గడగడలాడించే చలి. అప్పుడు ఈత ఆశ పెట్టుకోకుండా నడక, గవ్వలు, సూర్యాస్తమయం కోసం వెళ్లండి. జులై, ఆగస్టుల్లో గల్ఫ్ 30 డిగ్రీలకు చేరి గోరువెచ్చగా ఉంటుంది, అట్లాంటిక్ ఒకటి రెండు డిగ్రీలు తక్కువ. నీళ్లకూ ఎండకూ సమతూకం కుదిరేది ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి వారం వరకు, మళ్లీ అక్టోబరులో.

సౌకర్యాలు. బాత్రూం, మంచినీటి షవర్, నీడ, లైఫ్‌గార్డ్. ఈ నాలుగూ ఒకేచోట లేకపోతే చిన్నపిల్లలతో అక్కడికి వెళ్లొద్దు. ఇందులో వెసులుబాటు లేదు.

## ఒక్క చూపులో

దూరాలు డిస్నీ వరల్డ్ పరిసరాల నుంచి, సుమారుగా. ఇంటర్నేషనల్ డ్రైవ్ దగ్గర హోటల్ తీసుకుంటే తూర్పు తీరానికి ఒక పది మైళ్లు తగ్గుతాయి.

| బీచ్ | ఒకవైపు దూరం, సమయం | అల | ఇసుక | ఎవరికి |
|---|---|---|---|---|
| కోకో బీచ్, జెట్టీ పార్క్ | 70 మైళ్లు, గంటంపావు | మధ్యస్థం | ఓ మోస్తరు గట్టి | ఎక్కువ కుటుంబాలకు |
| న్యూ స్మిర్నా | 70 మైళ్లు, గంటన్నర లోపు | మధ్యస్థం నుంచి ఎక్కువ | చాలా గట్టి | నడవలేని పెద్దలు, పెద్ద పిల్లలు |
| డేటోనా | 75 మైళ్లు, గంటన్నర | మధ్యస్థం నుంచి ఎక్కువ | చాలా గట్టి | టీనేజీ పిల్లలు |
| క్లియర్‌వాటర్ | 90 మైళ్లు, 2 గంటలు, రద్దీలో ఇంకా ఎక్కువ | తక్కువ | మెత్తటి తెల్ల ఇసుక | చిన్నపిల్లలు, సూర్యాస్తమయం |
| ఫోర్ట్ డి సోటో | 100 మైళ్లు, 2 గంటలు పైన | చాలా తక్కువ | మెత్తన | పసిపిల్లలు, ప్రశాంతత |
| సియెస్టా కీ | 125 మైళ్లు, రెండుంపావు గంటలు పైన | తక్కువ | పిండిలాంటి క్వార్ట్జ్ | రాత్రి అక్కడే ఉండేవాళ్లు |

## కోకో బీచ్, జెట్టీ పార్క్

ఒక్క రోజు ప్రయాణానికి మొదట పరిశీలించాల్సింది ఇదే. స్టేట్ రోడ్ 528, అంటే బీచ్‌లైన్, ఓర్లాండో విమానాశ్రయం పక్క నుంచి నేరుగా సముద్రానికి తీసుకుపోతుంది. నగరం మధ్యలోంచి వెళ్లే పని లేదు. ఇది టోల్ రోడ్డు. ఇక్కడి బీచ్ వాలు తక్కువగా ఉండి, అల దూరం నుంచే విరుగుతూ వస్తుంది. ఏడెనిమిదేళ్ల పిల్లలు నడుం లోతులో బూగీ బోర్డు మీద ఆడుకోవడానికి సరిపోయే అల అది. సర్ఫింగ్ నేర్పేవాళ్లు కూడా ఇక్కడ ఎక్కువ. ప్రపంచ చాంపియన్ కెల్లీ స్లేటర్ పుట్టి పెరిగింది ఈ ఊళ్లోనే.

చిన్నపిల్లలుంటే కోకో బీచ్ పియర్ (సముద్రంలోకి కట్టిన వంతెన) దగ్గరికి వెళ్లకండి. అక్కడ జనం, సర్ఫర్లు ఎక్కువ, పార్కింగ్ ఖరీదు. దానికి ఉత్తరాన, పోర్ట్ కెనావెరల్ నౌకాశ్రయం పక్కనున్న జెట్టీ పార్కుకు వెళ్లండి. కారుకు ప్రవేశ రుసుము ఉంటుంది. బదులుగా బాత్రూములు, షవర్లు, నీడనిచ్చే పెవిలియన్లు, పిల్లల ఆటస్థలం, లైఫ్‌గార్డులు అన్నీ ఒకేచోట దొరుకుతాయి. రాళ్ల కట్ట పక్కనున్న పొడవాటి పియర్ మీద పెద్దవాళ్లు నింపాదిగా నడవొచ్చు. క్రూయిజ్ ఓడలు బయల్దేరే రోజైతే మధ్యాహ్నం తర్వాత పదిహేను అంతస్తుల ఓడ కళ్ల ముందు నుంచే సముద్రంలోకి కదిలిపోతుంది. పార్కుల్లో రైడ్ల కోసం గంటలు క్యూలో నిలబడ్డ పిల్లలకు ఇది ఖర్చులేని వినోదం. రాళ్ల కట్టకు ఆనుకుని మాత్రం ఈత కొట్టనివ్వకండి. కట్ట పక్కన నీళ్లు వెనక్కి లాగే ప్రవాహం తరచూ ఏర్పడుతుంది.

రాకెట్ ప్రయోగాలు ఈ తీరానికి మరో ఆకర్షణ. కేప్ కెనావెరల్ పక్కనే. శ్రీహరికోట ప్రయోగాన్ని సూళ్లూరుపేట వైపు నుంచి ఎప్పుడైనా చూసినవాళ్లకు ఆ ఉరుము కొత్త కాదు, కానీ బీచ్ కుర్చీలో కూర్చుని చూడటం వేరు. ప్రయోగం ఉందంటే రెండు విషయాలు గుర్తుంచుకోండి. వాతావరణం వల్లో సాంకేతిక కారణాల వల్లో అది వాయిదా పడటం మామూలే కాబట్టి దాని మీదే రోజంతా ఆధారపడేలా ప్లాన్ చేయొద్దు. అయిపోగానే అందరూ ఒకేసారి 528 ఎక్కుతారు కాబట్టి గంటసేపు ఆగి బయల్దేరండి.

ఇదే తీరంలో ఉత్తరాన ప్లాయాలిండా ఉంది. కెనావెరల్ జాతీయ సముద్ర తీరంలో భాగం. ఒక్క కట్టడం కూడా లేని అందమైన తీరం, కానీ మంచినీళ్లు, షవర్లు లేవు, ఏడాదిలో ఎక్కువ కాలం లైఫ్‌గార్డు ఉండరు, ప్రయోగాల సమయంలో మూసేస్తారు. ఉత్తరం చివర 13వ నంబరు పార్కింగ్ ప్రాంతం బట్టల్లేకుండా తిరిగేవాళ్లు చేరే చోటుగా చాలాకాలంగా పేరుపడింది. పెద్దవాళ్లతో వెళ్తూ ఈ సంగతి అక్కడికెళ్లాక తెలుసుకోవడం ఎవరికీ ఇష్టం ఉండదు. ప్రకృతి ఇష్టపడే జంటలకు బాగుంటుంది, పిల్లలతో మాత్రం వద్దు.

## న్యూ స్మిర్నా, డేటోనా

రెండూ వలూసియా కౌంటీలోనివే. రెండింటి ప్రత్యేకతా ఒకటే: రుసుము కట్టి కారును ఇసుక మీదికే తీసుకెళ్లొచ్చు. డేటోనాలో ఈ అలవాటుకు వందేళ్లు దాటింది. గట్టి ఇసుక మీదే మొదట్లో కార్ల వేగ పోటీలు జరిగాయి. 1935లో మాల్కమ్ క్యాంబెల్ గంటకు 276 మైళ్ల రికార్డు పెట్టింది ఇక్కడే.

నడవలేని పెద్దవాళ్లకు దీన్ని మించిన ఏర్పాటు ఫ్లోరిడాలో మరోటి లేదు. కారు దిగితే సముద్రం. ఎండ ఎక్కువైతే ఏసీ వేసుకుని కారులోంచే చూడొచ్చు. ఐసుపెట్టె (కూలర్), కుర్చీలు, గొడుగు మోసే పని లేదు. ఆసరా లేకుండా ఇరవై అడుగులు కూడా నడవలేని నాన్నగారిని క్లియర్‌వాటర్ పార్కింగ్ నుంచి మెత్తటి ఇసుకలో నడిపించడానికీ దీనికీ పోలికే లేదు.

ఇబ్బంది కూడా ఆ కార్లతోనే. ఇసుకలో గొయ్యి తవ్వుకుంటూ కూర్చున్న పిల్లవాడు డ్రైవరుకు కనపడడు. గతంలో ఈ తీరంలో కార్ల కింద పడి పిల్లలు చనిపోయారు కూడా. ఐదేళ్ల లోపు పిల్లలుంటే కార్లు రాని భాగంలోనే ఆడించండి. అలాంటి భాగాలు రెండు ఊళ్లలోనూ ఉన్నాయి. నడపాల్సివస్తే ఇవి పాటించండి:

- వేగం గంటకు 10 మైళ్లు దాటకూడదు. హెడ్‌లైట్లు వేసి, డ్రైవరు వైపు అద్దం దించి ఉంచాలి.
- గట్టి తడి ఇసుక మీదే పోవాలి. దిబ్బల వైపు తెల్లటి వదులు ఇసుకలోకి చక్రం వెళ్లిందంటే చిక్కుకున్నట్టే. చిక్కితే యాక్సిలరేటర్ తొక్కకండి, చక్రం ఇంకా దిగబడుతుంది. చక్రాల చుట్టూ ఇసుక తీసి, మెల్లగా వచ్చిన దారినే వెనక్కి రండి.
- పోటు వస్తే కార్లను అనుమతించరు, పార్క్ చేసిన కార్లనూ కదపమంటారు. వలూసియా బీచెస్ అనే యాప్‌లో ఏ ర్యాంపు తెరిచి ఉందో కనిపిస్తుంది. ముందురోజు పోటు వేళలు చూసుకుని, ఆటుకు రెండు గంటల ముందు చేరేలా బయల్దేరండి.
- అద్దె కారైతే ఒప్పందంలో రోడ్డు కాని చోట నడపకూడదని ఉందేమో చదవండి. ఉప్పు నీళ్లలోంచి నడపకండి. తిరిగి వచ్చాక కారు అడుగు భాగం మంచినీళ్లతో కడిగించండి.

న్యూ స్మిర్నా గురించి వెతికితే ముందు కనిపించేది సొరచేపలు. ఆ భయాన్ని కొట్టిపారేయక్కర్లేదు, పెంచుకోవక్కర్లేదు కూడా. సొరచేప కాట్లు ఎక్కువగా నమోదయ్యే కౌంటీ ఇదే అన్నది నిజం. వాటిలో ఎక్కువ పాన్స్ ఇన్లెట్ అనే ముఖద్వారం దగ్గర, సర్ఫర్లకు, చిన్న సొరచేపలు చేపనుకుని కొరికినవి. ఇన్లెట్‌కు దూరంగా, నడుం లోతు దాటకుండా, తెల్లవారుజామున, సాయంసంధ్యలో నీళ్లలోకి దిగకుండా ఉంటే చాలు. చిన్న చేపల గుంపు నీటి మీద ఎగురుతున్నా, వాటి మీద పక్షులు వాలుతున్నా పిల్లల్ని బయటికి పిలవండి. ఈ తీరంలో సొరచేప కంటే వెనక్కి లాగే ప్రవాహానికే ఎక్కువ జాగ్రత్త పడాలి.

ఈ రెండింటిలో న్యూ స్మిర్నా నెమ్మదైన ఊరు. డేటోనాలో బోర్డువాక్ (ఒడ్డు వెంట దుకాణాలుండే నడకదారి), సందడి ఉంటాయి కాబట్టి టీనేజీ పిల్లలకు నచ్చుతుంది. ఇన్లెట్‌కు డేటోనా వైపున 1887లో కట్టిన 175 అడుగుల లైట్‌హౌస్ ఉంది. 203 మెట్లు ఎక్కగలిగితే పై నుంచి నది, సముద్రం కలిసే చోటు కనపడుతుంది. ఫిబ్రవరిలో డేటోనా 500 రేసు వారంలో, మార్చిలో మోటార్‌సైకిళ్ల వారంలో మాత్రం ఇటు రావద్దు.

ఈ దారి ఐ-4 హైవే మీదుగా ఓర్లాండో నగరం మధ్యలోంచి పోతుంది. ఉదయం 7 తర్వాత ఆ భాగంలో బండి నత్తనడకే. ఆలస్యమైతే ఎక్స్‌ప్రెస్ లేన్లకు డబ్బు కట్టండి, లేదా 417 టోల్ రోడ్డు మీదుగా చుట్టు తిరిగి వెళ్లండి.

## క్లియర్‌వాటర్

చిన్నపిల్లలున్న ఇంటికి నీళ్ల పరంగా ఇది చాలా మంచిది. చాలా దూరం వరకు మోకాలి లోతే. ఈత రాని తల్లి కూడా పిల్లతో పాటు నీళ్లలో కూర్చోగలదు. పియర్ 60 పక్కన నీడ ఉన్న ఆటస్థలం, బాత్రూములు, లైఫ్‌గార్డులు. కుర్చీలు, గొడుగు అద్దెకు దొరుకుతాయి.

అన్నిటికంటే ముఖ్యం సూర్యాస్తమయం. ఆంధ్ర తీరంలో పుట్టి పెరిగినవాళ్లు సముద్రంలోంచి సూర్యుడు పైకి రావడం ఎన్నోసార్లు చూసి ఉంటారు, సముద్రంలోకి దిగిపోవడం చూసి ఉండరు. బంగాళాఖాతం ఎప్పుడూ తూర్పునే కదా. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలకు ఇది నిజంగా కొత్త దృశ్యం. ఇక్కడ సాయంత్రాలు పియర్ దగ్గర చిన్న సంబరంలా జరుపుతారు, పాటలు, గారడీలు, బొమ్మల దుకాణాలు.

అడ్డంకి దారి. ఐ-4 మీద టాంపా దాకా, అక్కడి నుంచి వంతెనలు, చివర బీచ్‌లోకి నీళ్ల మీదుగా వెళ్లే ఒకే ప్రధాన రోడ్డు. మార్చిలో సెలవుల రోజుల్లో, వారాంతాల్లో ఆ చివరి రెండు మూడు మైళ్లకే ముప్పావు గంట పడుతుంది. ఉదయం పది దాటాక పార్కింగ్ కోసం చక్కర్లు తప్పవు. అందుకే క్లియర్‌వాటర్‌కి రెండే పద్ధతులు పనికొస్తాయి. ఒకటి, ఉదయం 6కి బయల్దేరి 8కి చేరి, ఒంటిగంటకు తిరుగుముఖం పట్టడం. రెండోది, పొద్దున హోటల్లో విశ్రాంతి తీసుకుని, పదకొండుకు బయల్దేరి, సూర్యాస్తమయం చూసి రావడం. డిసెంబరులో సూర్యుడు ఆరు లోపే దిగుతాడు కాబట్టి రెండోది చక్కగా కుదురుతుంది. జూన్‌లో 8:30 దాకా ఆగాలి, హోటల్ చేరేసరికి పదకొండవుతుంది. మర్నాడు పొద్దున్నే పార్కు పెట్టుకోకండి. వేసవిలో ఈ పద్ధతికి మధ్యాహ్నపు ఉరుముల గండం కూడా ఉంటుంది.

గల్ఫ్ తీరానికే ఉన్న మరో సమస్య రెడ్ టైడ్. ఒక రకం నాచు విపరీతంగా పెరిగి చేపలు చచ్చి ఒడ్డుకు కొట్టుకొస్తాయి, గాలిలో దగ్గు పుట్టించే ఘాటు ఉంటుంది. ఎక్కువగా వేసవి చివర, శరదృతువులో వస్తుంది. ఇంట్లో ఎవరికైనా ఆస్తమా ఉంటే బయల్దేరే ముందు ఫ్లోరిడా వన్యప్రాణి సంస్థ ప్రచురించే రెడ్ టైడ్ మ్యాపు తప్పక చూడండి. ఆ రోజు మ్యాపులో ఎరుపు కనిపిస్తే తూర్పు తీరానికి మళ్లండి.

## ఫోర్ట్ డి సోటో, సియెస్టా కీ

సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు దక్షిణాన ఐదు చిన్న దీవులు కలిపిన కౌంటీ పార్కు ఫోర్ట్ డి సోటో. హోటళ్లు లేవు, ట్రాఫిక్ లేదు. నార్త్ బీచ్ వైపు ఇసుక దిబ్బలు అలను ఆపి లోతులేని మడుగులా చేస్తాయి. నడక నేర్చుకుంటున్న పిల్లలకు ఇంతకంటే భద్రమైన నీళ్లు ఈ జాబితాలో లేవు. చెట్ల నీడన బల్లలున్న పిక్నిక్ షెల్టర్లున్నాయి. పులిహోర, పెరుగన్నం తెచ్చుకుని కుటుంబమంతా కూర్చుని తినడానికి అనువైన చోటు. తినడానికి బయట పెద్దగా ఏమీ దొరకదు కాబట్టి అన్నీ వెంట తెచ్చుకోవాలి. రెండు గంటలు కారులో కూర్చోగలమనుకున్నవాళ్లు క్లియర్‌వాటర్ బదులు దీన్ని ఎంచుకుంటేనే మంచిది. సూర్యాస్తమయం ఇక్కడా కనిపిస్తుంది.

సియెస్టా కీ ఇసుక దాదాపు పూర్తిగా క్వార్ట్జ్, మిట్టమధ్యాహ్నం కూడా అరికాలు కాలదు. అంత దూరం ఒక్క పూట కోసం వెళ్లొద్దు. ఒక రాత్రి ఉండగలిగితేనే.

## మీ ఇంటికి ఏది?

రెండేళ్ల లోపు పిల్లలు, ఒక్క రోజే సమయం: జెట్టీ పార్క్. నీళ్లలో ఎంత సేపు ఉంటారో కారులోనూ అంతసేపు కూర్చోబెట్టడం ఆ వయసుకు సరికాదు. అల ఎక్కువుంటే తడి ఇసుకలో గొయ్యి తీసి నీళ్లు నింపితే వాళ్లకదే కొలను.

మూడు నుంచి ఏడేళ్ల పిల్లలు, ఈత రాదు, కారులో నిద్రపోయే అలవాటుంది: ఫోర్ట్ డి సోటో, లేదంటే వారం మధ్యలో క్లియర్‌వాటర్.

ఎనిమిదేళ్లు దాటిన పిల్లలు: కోకో బీచ్. అల లేని గల్ఫ్ వాళ్లకు గంటలో విసుగు పుట్టిస్తుంది.

నడవలేని పెద్దవాళ్లు: న్యూ స్మిర్నా. పసిపిల్లలు, నడవలేని పెద్దలు ఇద్దరూ ఉంటే మళ్లీ జెట్టీ పార్కే. చక్రాల కుర్చీ కావాలంటే ముందురోజే ఫోన్ చేసి బీచ్ వీల్‌చైర్ ఉందేమో అడగండి. లావుపాటి బెలూన్ చక్రాలుండే ఈ కుర్చీలు చాలా బీచ్‌లలో ఇస్తారు, సంఖ్య మాత్రం తక్కువ.

కారు నడపనివాళ్లు: క్యాబ్‌లో వెళ్లడం సులువే, తిరుగుప్రయాణానికి బీచ్ దగ్గర అరవై డెబ్బై మైళ్లకు ఒప్పుకునే డ్రైవర్ దొరకడమే కష్టం. పిల్లల సీటు సంగతి సరేసరి. ఫ్లోరిడా చట్టం ప్రకారం ఐదేళ్లు, అంతకంటే చిన్నపిల్లలకు సీటు తప్పనిసరి. ఒక్కరోజుకు కారు అద్దెకు తీసుకోవడమే మేలు. పిల్లలకు కావాల్సింది నీళ్లాట మాత్రమే అయితే డిస్నీ టైఫూన్ లగూన్, యూనివర్సల్ వోల్కనో బే ఉన్నాయి, అల కూడా ఉంటుంది.

## ఏ రోజు పెట్టుకోవాలి

పార్కు రోజుల మధ్యలో పెట్టండి, చివరి రోజుకు వదిలేయొద్దు. వాన పడితే మార్చుకునే వీలుంటుంది. డిస్నీ వరల్డ్ నాలుగు రోజుల టికెట్టును ఏడు రోజుల్లో, ఐదు రోజులదాన్ని ఎనిమిది రోజుల్లో వాడుకోవచ్చు. అందుకే మధ్యలో రోజు ఖాళీ వదిలినా టికెట్టు వృథా కాదు. మంగళ, బుధ, గురువారాలు మేలు. శనాదివారాల్లో ఓర్లాండోలో ఉండేవాళ్లందరూ ఇదే దారిలో ఉంటారు.

తూర్పు తీరానికి ఉదయం ఆరున్నరకు బయల్దేరి, 8 నుంచి పదకొండున్నర దాకా నీళ్లలో ఉండి, తిని, స్నానం చేసి ఒంటిగంటకు కారెక్కండి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు మధ్యాహ్నం ఉరుములు దాదాపు రోజూ వస్తాయి. రెండు తీరాల నుంచి వచ్చే సముద్రపు గాలులు ద్వీపకల్పం మధ్యలో ఢీకొనడమే కారణం. ఉరుము వినపడితే నీళ్లలోంచే కాదు, ఇసుక మీద నుంచి కూడా వెళ్లిపోవాలి. పెవిలియన్, గొడుగు రక్షణ కాదు, కారు రక్షణ. ఆఖరి ఉరుము తర్వాత ముప్పై నిమిషాలు ఆగాలి.

## ఎక్కడ దెబ్బతింటారు

జెండాలు చదవడం పిల్లలకూ నేర్పండి. ఆకుపచ్చ అంటే ప్రమాదం తక్కువ, పసుపు మధ్యస్థం, ఎరుపు ఎక్కువ, రెండు ఎర్రజెండాలు అంటే నీళ్లలోకి దిగకూడదు. ఊదా జెండా అంటే జెల్లీఫిష్, స్టింగ్‌రే (తోకలో ముల్లుండే చదునైన చేప) లాంటివి ఉన్నాయని. చలికాలంలో తూర్పుగాలి వీచినప్పుడు అట్లాంటిక్ ఒడ్డున నీలిరంగు బుడగల్లా కొట్టుకొచ్చేవి ముట్టుకోకూడదు, ఎండిపోయినా కుడతాయి.

అలలు విరగని, నీళ్లు మురికిగా సముద్రంలోకి పోతున్న సన్నటి దారి ప్రశాంతంగా కనిపిస్తుంది. వెనక్కి లాగే ప్రవాహం అదే. అందులో పడితే ఒడ్డుకు ఎదురీదకూడదు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, బయటపడ్డాక ఒడ్డువైపు రావాలి. ఈత రానివాళ్లు కాపాడటానికి దూకకుండా లైఫ్‌గార్డును పిలిచి, తేలేది ఏదైనా విసరాలి.

గల్ఫ్‌లో ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు ఇసుక కింద స్టింగ్‌రే చేపలు దాక్కుంటాయి. పాదం ఎత్తి వేయకుండా ఇసుకలో ఈడ్చుకుంటూ నడిస్తే అవి తప్పుకుంటాయి. కుడితే ఓర్చుకోగలిగినంత వేడినీళ్లలో పాదం ముంచి ఉంచాలి, నొప్పి త్వరగా తగ్గేది దానితోనే. ముల్లు లోపల విరిగితే ఆస్పత్రికి.

చీరతో మోకాలి లోతులోకి దిగొద్దని పెద్దవాళ్లకు ముందే చెప్పండి. తడిసిన చీర బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటుంది, చిన్న అల కూడా పడేస్తుంది. సల్వార్ లేదా ట్రాక్‌ప్యాంట్ నయం. పిల్లలకు పూర్తి చేతుల ఈత చొక్కా వేస్తే సన్‌స్క్రీన్ రాయాల్సిన చోటు సగం తగ్గుతుంది. మిగతా చోట రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. మన రంగుకు ఎండ దెబ్బ తగలదనుకోవడం పొరపాటు.

గాజు సీసాలను బీచ్‌లో అనుమతించరు. ఆవకాయను ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చండి. 32 డిగ్రీలు దాటిన ఎండలో అన్నం, పెరుగు గంటకు మించి బయట ఉండకూడదు. కాబట్టి డబ్బాలు రాత్రే ఫ్రిజ్‌లో చల్లబరిచి, కూలర్‌లో ఐసు మధ్యన పెట్టండి. తలకు రెండు లీటర్ల నీళ్లు విడిగా. గొడుగు కర్రను రెండడుగుల లోతున పాతి, గాలి వచ్చే వైపుకు వంచండి, లేకపోతే ఎగిరి ఎవరికైనా తగులుతుంది.

టోల్ విషయంలో చాలామంది అనవసరంగా డబ్బు పోగొట్టుకుంటారు. అద్దె కారుకు ఉన్న టోల్ పరికరం వాడితే కొన్ని సంస్థలు టోల్‌తో పాటు రోజువారీ రుసుము కూడా వేస్తాయి. ఓర్లాండో విమానాశ్రయంలో అద్దె కార్ల కోసం ఉచితంగా ఇచ్చే విజిటర్ టోల్ పాస్ తీసుకుని అద్దానికి తగిలిస్తే అసలు టోల్ మాత్రమే పడుతుంది. తీసుకునే ముందు ఫోన్‌లో నమోదు చేసుకుని, కారు తిరిగిచ్చేటప్పుడు దాన్ని అక్కడి పెట్టెలో వేయాలి.

తూర్పు తీరంలో మార్చి నుంచి అక్టోబరు వరకు తాబేళ్లు గుడ్లు పెడతాయి. వెళ్లే ముందు పిల్లలు తవ్విన గోతులు పూడ్చి, ఇసుక కోటలు చదును చేయించండి. రాత్రి ఒడ్డెక్కే తల్లి తాబేలు అందులో పడితే బయటికి రాలేదు. ఇసుక దిబ్బల మీది గడ్డి కోయడం ఫ్లోరిడాలో నేరం, ఫొటో కోసమైనా దాని మీదికి ఎక్కకండి.

బయల్దేరే ముందురోజు రాత్రి గాలి దిశ, పోటు వేళలు, ఉరుముల సూచన, గల్ఫ్ అయితే రెడ్ టైడ్ మ్యాపు, కోకో అయితే ప్రయోగాల పట్టిక చూడండి. తూర్పు గాలి గంటకు 15 మైళ్లు దాటుతుందని ఉంటే అట్లాంటిక్ వదిలేయండి. పడమటి గాలి అంత ఉంటే గల్ఫ్ వదిలేయండి. ఎటూ కుదరకపోతే ఆ రోజు హోటల్ కొలనులో గడిపి, సముద్రాన్ని మర్నాటికి జరపండి.